సంతకం లేని అర్జీ

మా వీధి పిల్లలకు రెండేసి పేర్లుండేవి. ఒకటి కోయిలు పేరు, ఇంకొకటి బడి పేరు. కోయిలంటే చర్చి. కోవిల్‌పట్టి చుట్టుపక్కల అరవ క్రైస్తవులు చర్చిని అలాగే అంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడే మేమూ ఆ మాటే పట్టుకున్నాం. ఆదివారం పాదిరి ఒక పేరుతో పిలిచేవాడు, సోమవారం టీచరు ఇంకో పేరుతో పిలిచేది. రెండింటికీ పలకడం ఐదేళ్ళు నిండేసరికే అలవాటైపోయేది. లోకంలో పిల్లలందరికీ ఇంతేనేమో అనుకునేదాన్ని.

దీని వెనక పెద్ద కుట్రేమీ లేదు. మాది షెడ్యూల్డు కులం. కాగితం మీద హిందువులుగా ఉన్నంతకాలం సర్కారు మమ్మల్ని ఆ జాబితాలోనే ఉంచుతుంది. క్రైస్తవులమని రాయించుకున్నామా, వెనకబడిన తరగతుల జాబితాలోకి తోసేస్తుంది. అక్కడ పొలాలూ దుకాణాలూ ఉన్నవాళ్ళ పిల్లలతో పోటీ పడాలి. కోయిలికి పోయినంత మాత్రాన మా వీధి మారలేదు, పని మారలేదు, టీకొట్లో మాకు విడిగా పెట్టే గ్లాసూ మారలేదు. జాబితా ఒక్కటే మారేది. ఈ రూలు పెట్టినాయన ఎవరో గానీ, ఒక్కసారైనా మా వీధిలో నడిచి ఉండడు.

మా అవ్వకు వేలిముద్ర వేయడం తప్ప సంతకం రాదు. అయినా ఈ సంగతి ఆమెకు తాలూకాఫీసు గుమాస్తా కన్నా బాగా తెలుసు. నన్ను ఒకటో తరగతిలో వేయడానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆమే. పేరేమిటని హెడ్మాస్టరు అడిగితే, నేను నోరు తెరిచేలోపల వీపు మీద ఒక్కటి చరిచి, తనకు తోచిన అమ్మవారి పేరు చెప్పింది. మతం హిందూ అని రాయించింది. తిరిగి వచ్చే దారిలో నాతో అంది, "కోయిల్లో ఎట్లయినా పిలుచుకోనీ. ఇస్కూల్లో మాత్తరం ఇదే నీ పేరు. మరిచిపోతే తోలు వలిచేస్తా."

మా ఎదురింటి మామ మాత్రం తన కూతురికి ఒక్క పేరే ఉంచాడు.

ఆయన మా అమ్మకు వరసకు అన్న. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. మా వైపు దాన్ని తీపెట్టి ఆఫీసంటారు. పుల్లలు పేర్చిన చట్రాలను మందులో ముంచడం ఆయన పని. వేళ్ళ సందుల్లో ఆ ఎర్రటి మందు ఎప్పుడూ అంటుకునే ఉండేది. ఆదివారం అదే చేతులతో అరవ బైబిలు పట్టుకుని కోయిల్లో పాఠం చదివేవాడు. పాదిరి నెలకు రెండుసార్లు ఏళాయిరంపన్నై నుంచి సైకిలు మీద వచ్చిపోయేవాడు, మిగతా రోజుల్లో కోయిలు బాగోగులన్నీ మామవే. జ్ఞానస్నానాల, అంటే బాప్తిస్మాల రిజిస్టరు కూడా ఆయన ఇంట్లోనే, రేకుపెట్టెలో ఉండేది.

ముక్కుసూటి మనిషి. ఎంత ముక్కుసూటి అంటే, ఒకసారి తీపెట్టి ఆఫీసుకు తనిఖీకి వచ్చిన అధికారి, లోపల చిన్నపిల్లలెవరైనా పని చేస్తున్నారా అని అందరినీ వరసగా అడిగితే, చేస్తున్నారని చెప్పింది ఆయన ఒక్కడే. పిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. ఆ వారమంతా వీధిలో తల్లులు ఆయనను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. ఆయన తల వంచుకుని వినేవాడు.

కూతురిని బడిలో వేసేటప్పుడు అవ్వ వాళ్ళింటికి వెళ్ళి నచ్చజెప్పబోయింది.

"దేవుని కాడ ఒక పేరు, సర్కారు కాడ ఒక పేరు పెట్టుకునేదానికి నా బిడ్డేమన్నా దొంగా అత్తా?" అన్నాడట.

"దొంగ గాదురా. బీదది," అంది అవ్వ.

ఆయన వినలేదు. బడి రిజిస్టరూ కోయిలు రిజిస్టరూ ఆయనకు ఒకటే, రెండిట్లో రాసేదీ దేవుడు చూస్తాడు. అలా మామ కూతురు క్రైస్తవురాలిగా బడిలో చేరింది, నేను హిందువుగా చేరాను. ఆదివారం కోయిల్లో ఇద్దరం ఒకే చాప మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. మారియమ్మ పొంగలికి మా ఇంటివాళ్ళం పోయేవాళ్ళం, వాళ్ళు పోయేవాళ్ళు కాదు. తేడా అంటే అంతే.

మామ కూతురు నాకన్నా మూడు నెలలు పెద్ద. వొదినా అని పిలిచేదాన్ని. చదువులో నాకన్నా చాలా ముందుండేది. లెక్కలు ఆమె చెబితేనే నా తలకెక్కేవి. నేను తప్పు చేస్తే నోటు లాక్కుని, "ఇది గూడా రాదా నీకు, మట్టిబుర్ర," అంటూ మొదట్నుంచీ మళ్ళీ చేసి చూపేది. సాయంకాలం బడి వదిలాక వాకిట్లో కూర్చుని అగ్గిపెట్టెలకు కాగితం అంటిస్తూ చదువుకునేవాళ్ళం. ఒక వరస పెట్టెలు ఆరేలోపల ఒక లెక్క అయిపోవాలని ఆమె పందెం. నేను ఎప్పుడూ గెలిచిన పాపాన పోలేదు.

ఊళ్ళో తెలుగు మాట్లాడేది మేమొక్కళ్ళమే కాదు. నల్లరేగడి పొలాలన్నీ పెద్దింటివాళ్ళవి, వాళ్ళదీ తెలుగే. ఎప్పుడో ఎన్నో తరాల కిందట వాళ్ళూ మేమూ ఒకే దారిన ఇటు వచ్చామంటారు. బయటి అరవవాళ్ళ కళ్ళకు మేమంతా ఒకటే, తెలుంగోళ్ళం. బస్సులో తెలుగు వినపడితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. హైస్కూల్లో కొందరు మా మాటను సాగదీసి వెక్కిరించేవాళ్ళు, అందుకని ఇల్లు దాటితే అరవంలోకి దిగిపోయేవాళ్ళం. ఊళ్ళో మాత్రం ఆ తెలుగు రెండుగా చీలిపోయేది. పెద్దింటి వాకిట్లో నిలబడి మాట్లాడేటప్పుడు మా అవ్వ గొంతే మారిపోయేది. భాష ఒకటైనందుకు వాళ్ళు మమ్మల్ని ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వలేదు.

విరుదునగర్‌లో ఆడపిల్లలకు ఒక సర్కారు హయ్యర్ సెకండరీ స్కూలుండేది. పేరెందుకు లెండి. పదకొండో తరగతిలో ఫస్ట్ గ్రూపు, అంటే లెక్కలూ సైన్సులూ కలిపి చదివేది, అక్కడ ఒక్కటే సెక్షను. పక్కనే హాస్టలు. జిల్లాలోని పిల్లలంతా దానికోసం ఎగబడేవాళ్ళు. అక్కడ సీటొస్తే నర్సో డాక్టరో ఇంజనీరో కావచ్చు. రాకపోతే మాలాంటి వాళ్ళు తిరిగి తీపెట్టి ఆఫీసులో కూర్చుని పుల్లలు పేర్చుకోవాల్సిందే. మధ్యలో ఇంకేమీ లేదని కాదు, మాకు కనిపించేది కాదు.

తొంభైల నడుమ ఒక ఎండాకాలం చివర మా పదో తరగతి ఫలితాలొచ్చాయి. వొదినకు నాకన్నా ఇరవై ఆరు మార్కులు ఎక్కువ. ఇద్దరం ఆ స్కూలుకు దరఖాస్తు పెట్టాం. జాబితా వేసే రోజు మామ పనికి సెలవు పెట్టి మా ఇద్దరినీ తీసుకెళ్ళాడు. కోవిల్‌పట్టిలో బస్సు మారి, సాత్తూరు మీదుగా వెళ్ళాం. వొదిన తల నున్నగా దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుంది. దారి పొడుగునా హాస్టల్లో ఇద్దరం ఒకే గదిలో ఉండాలని చెబుతూనే ఉంది.

నోటీసు బోర్డు మీద టైపు చేసిన నాలుగు కాగితాలున్నాయి. మొదటిది అందరికీ, రెండోది బీసీ, మూడోది ఎంబీసీ, అంటే మరీ వెనకబడిన తరగతులకు, నాలుగోది ఎస్సీ. నా పేరు నాలుగో కాగితంలో కింది నుంచి రెండోది. వొదిన రెండో కాగితాన్ని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ పైనుంచి చదివింది. ఆమె పేరు లేదు. ఆ జాబితా ఆమె మార్కులకు నాలుగు మార్కుల పైనే ఆగిపోయింది.

మామ లోపలికి వెళ్ళి గుమాస్తాను అడిగాడు. మేమిద్దరం ఆయన వెనక నిలబడ్డాం. గుమాస్తా చెడ్డవాడు కాదు. ఓపికగా కాగితాలు తిరగేసి, ఎస్సీ సర్టిఫికెట్టు ఉండి ఉంటే ఆ జాబితాలో మొదటి పేరు ఈ అమ్మాయిదే అయ్యేది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంకా వారం టైముంది, పేరూ మతమూ మార్పించుకుని కొత్త సర్టిఫికెట్టు తెచ్చుకుంటే చూస్తానన్నాడు. చాలామంది అలాగే చేస్తారట. వొదిన తండ్రి ముఖంలోకి చూసింది. నేనూ చూశాను.

మామ అరవంలో, తాము క్రైస్తవులమని, కాదని రాయించలేనని చెప్పి, దండం పెట్టి బయటికి వచ్చేశాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందేమో.

తిరుగు బస్సు సాత్తూరులో ఆగినప్పుడు ఆయన వెళ్ళరికాయలు, అంటే లేత దోసకాయలు కొని ఇద్దరికీ ఇచ్చాడు. వొదిన తనది తినలేదు. కోవిల్‌పట్టి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను నాది తినేశాను, ఆకలేసింది. సీటొచ్చిన సంతోషం లోపల గంతులేస్తుంటే ముఖం మాత్రం దిగులుగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజుకు నాకున్న కష్టమల్లా అదే.

నాలుగు కాగితాలు వేరువేరుగా ఉండడం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఒకే కాగితం ఉండి ఉంటే మా వీధి నుంచి ఒక్కరూ ఆ గేటు దాటేవాళ్ళు కాదు. నాకు మింగుడుపడనిది వేరే. ఒకే వాకిట్లో కూర్చుని ఒకే పెట్టెలు అంటించిన ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్ళి రెండు కాగితాల మీద పెట్టడం. పెద్దింటాయన అయితే అన్నిటినీ కలిపే తిట్టాడు. ఆయన మనవరాలికీ అక్కడ సీటు రాలేదు. రేషను షాపు దగ్గర మా అమ్మ వినేటట్టుగా, "మార్కులుండే పిల్లోళ్ళు ఇంట్లో కూసోనుండారు. లేనోళ్ళు పెద్ద ఇస్కూలికి పోతా ఉండారు," అన్నాడు. ఆ మనవరాలు ఇంట్లో ఏమీ కూర్చోలేదు, కోవిల్‌పట్టిలో ప్రైవేటు స్కూలుకు పోయింది. మా అమ్మ కిరోసిన్ డబ్బా తీసుకుని వచ్చేసింది.

స్కూల్లో చేరిన వారానికి, స్కాలర్‌షిప్పు ఫారాల కోసం క్లాసు టీచరు ఎస్సీ పిల్లల్ని లేచి నిలబడమంది. నిలబడ్డాం. మిగతావాళ్ళు మమ్మల్ని లెక్కపెట్టుకున్నారు. హాస్టల్లో నా పక్క చాప అమ్మాయి ఆ సాయంకాలమే, తన చిన్నాన్న కూతురికి నాకన్నా నలభై మార్కులు ఎక్కువొచ్చినా సీటు రాలేదని నవ్వుతూనే చెప్పింది. నీ తప్పేం లేదులే అని కూడా అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ చిన్నాన్న కూతురు ఏనాడైనా ఒక్క అగ్గిపెట్టె అంటించిందా అని అడగాలనిపించింది. నిజం చెప్పాలంటే ఆ నలభై మార్కులు నన్ను ఒక్క రోజూ బాధపెట్టలేదు. ఇరవై ఆరు మార్కులే అప్పుడప్పుడూ గుర్తొచ్చేవి, వాటిని పక్కకు నెట్టేసేదాన్ని. చదవాల్సింది చాలా ఉండేది, లెక్కలు చెప్పే మనిషి పక్కన లేదు.

మొదటి టర్ము పరీక్షలు కాగానే హెడ్మిస్ట్రెస్సు తన గదిలోకి పిలిచింది. నా కులం సర్టిఫికెట్టు మీద కలెక్టరాఫీసుకు అర్జీ వెళ్ళిందట. రాసినవాళ్ళ సంతకం లేదు. ఊళ్ళో విచారణ జరుగుతుందని, నేనూ అక్కడ ఉండాలని చెప్పింది. "సర్టిఫికెట్టు రద్దయితే సీటు ఉండదు, హాస్టలూ ఉండదు," అంది. కసురుకోలేదు, జాలీ పడలేదు. సెలవు చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చింది.

సంతకం లేని అర్జీని మా వైపు మొట్టై కాయితం అంటారు, అంటే బోడికాగితం. ఆంధ్రలో ఆకాశరామన్న ఉత్తరం అంటారని తర్వాత తెలిసింది. నేను ఇల్లు చేరేసరికి ఆ సంగతి వీధంతా పాకిపోయింది. ఎవరు రాశారని ఎవరూ అడగనే లేదు. పెద్దింటి నుంచే అని అందరూ తేల్చేశారు. రేషను షాపు మాట అందరికీ గుర్తుంది. నేనూ అదే అనుకున్నాను, అనుకోవడం కాదు, నమ్మాను.

విచారణ శనివారం. ఆ పొద్దున అవ్వ చేసిన హడావుడి ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. గోడకున్న కోయిలు క్యాలెండరు పీకేసి, కళుగుమలై మురుగన్ పటం ఎక్కడి నుంచో అడిగి తెచ్చి అదే మేకుకు తగిలించింది. పటం చిన్నది. దాని చుట్టూ క్యాలెండరు ఉండిన చోటు తెల్లగా మెరిసిపోతోంది. అది కప్పడానికి పక్కనే చేట వేలాడదీసింది. నా నుదుటి మీద అడ్డంగా విభూతి పట్టీలు పూసింది. మా వైపు ఆడపిల్లకు అంత విభూతి ఎవరూ పెట్టరు.

"ఇంత గనంగా పూస్తే పూజారోళ్ళ పిల్ల అనుకుంటారు అవ్వా," అన్నాను.

"అనుకోనీ. ఈది వాళ్ళందరూ మన పక్కే చెప్తారు. బయమంతా ఎదురింటోడితోనే," అంది.

భయం నిజంగా ఆయనతోనే. తీపెట్టి ఆఫీసు తనిఖీ ఎవరూ మరిచిపోలేదు. పైగా సొంత కూతురి సీటు కోసమే అబద్ధం రాయించని మనిషి, పరాయి పిల్ల కోసం ఎందుకు చెబుతాడు? అమ్మ తెల్లవారగానే వెళ్ళి ఆయన గుమ్మం ముందు నిలబడింది. "నువ్వేమీ చెప్పొద్దన్నా. ఈ పొద్దుకు ఎక్కడికన్నా పోయిరా, చాలు," అని బతిమాలింది. ఆయన పళ్ళు తోముకుంటూ, "అడిగితే సూసుకుందాం పోమ్మా," అన్నాడట.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పది గంటలకు మోటారుసైకిలు మీద వచ్చాడు. మా ఇంటి పక్కనున్న బాల్వాడీ ముందు వేప నీడలో కుర్చీ వేశారు. నన్ను ఎదురుగా నిలబెట్టి, నా విభూతి వంక ఒకసారి చూశాడు. తర్వాత అర్జీ తీసి అందరికీ వినపడేటట్టు అరవంలో చదివాడు. ఈ అమ్మాయికి జ్ఞానస్నానం అయింది. కోయిలు రిజిస్టర్లో వేరే పేరుంది. ప్రతి ఆదివారం వస్తుంది. పోయిన క్రిస్మసుకు ముందు వరసలో నిలబడి పాట కూడా పాడింది. తప్పుడు సర్టిఫికెట్టుతో సీటు సంపాదించింది. ఆమెకన్నా ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలు ఇంట్లో కూర్చున్నారు. న్యాయం చేయాలి. అందులో ఉన్నదింతే. ప్రతి ముక్కా నిజం. మా కోయిలు ఛాయలకు రాని పెద్దింటివాళ్ళకు క్రిస్మసు పాట సంగతి ఎలా తెలిసిందని నాకు ఆ క్షణాన తోచలేదు.

ఇరుగుపొరుగులో నలుగురిని అడిగాడు. నలుగురూ మేం హిందువులమనే చెప్పారు, ఒకేలాగా చెప్పారు. ఆయన నవ్వి, ఇక్కడ కోయిలు పెద్ద ఎవరు అన్నాడు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పటికే మామ వచ్చి వెనక నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు అర్జీని ఆయన చేతికిచ్చాడు. "చదువు. ఇందులో ఉన్నది నిజమో కాదో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే రాసుకుని పోతాను," అన్నాడు.

మామ చదివాడు. అది ఒక పేజీ కాగితం, ఇప్పుడే అందరూ విన్నది. అయినా చాలాసేపు చదివాడు. మొదటికి వచ్చి మళ్ళీ చదివాడు. ఆయన తన దేవుడితో పోట్లాడుతున్నాడు అనుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది, గోళ్ళు గుచ్చుకుంటున్నాయి. ఎదురింటి గుమ్మంలో వొదిన నిలబడి ఉంది. ఆమె నా వంక చూడడం లేదు, తండ్రినే చూస్తోంది.

మామ కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. "ఇది నిజం కాదయ్యా," అన్నాడు. "ఈ బిడ్డ కోయిలికి రాదు."

"రిజిస్టర్లో పేరు?"

"లేదు."

"దేవుని ముందు కూడా ఇదే చెప్తావా?"

"చెప్తాను."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. మామ కింద సంతకం పెట్టాడు. వొదిన లోపలికి వెళ్ళిపోయింది. తండ్రి అబద్ధమాడడం చూడలేకపోయిందనుకున్నాను. నేను ఉన్నచోటే కూలబడి ఏడ్చాను. అంత తేలికపడడం నా బతుకులో మళ్ళీ ఎప్పుడూ జరగలేదు. అవ్వ పరుగున వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆయన విడిపించుకుని, "పో అత్తా. నాకు పనుండాది," అని ఇంట్లోకి పోయాడు.

నా సీటు నిలిచింది. రెండేళ్ళూ అక్కడే చదివాను, ఆ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. రెండువేల సంవత్సరం దాటాక విరుదునగర్‌లోనే సర్కారు ఆస్పత్రిలో ఉద్యోగమొచ్చింది. మా వీధి నుంచి సర్కారు జీతం అందుకున్న మొదటి ఆడపిల్లను నేనే. వొదిన కోవిల్‌పట్టిలో కామర్సులో చేరింది. ఒక్క ఏడాది చదివి మానేసి, తీపెట్టి ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. కడంబూరు అతన్ని పెళ్ళి చేసుకుంది. అతనూ అదే పనిలో ఉండడంతో వాళ్ళు మామ ఇంట్లోనే ఉండిపోయారు.

ఆ విచారణ తర్వాత మామ కోయిల్లో పాఠం చదవలేదు. రిజిస్టరు పెట్టెను ఇంకొకరికి అప్పగించాడు. ప్రతి ఆదివారం వచ్చేవాడు, వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నెలకోసారి ప్రభు భోజనమని రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చేటప్పుడు అందరూ లేచి ముందుకు వెళ్ళేవాళ్ళు, ఆయన లేచేవాడు కాదు. పాదిరి అడిగితే, "నాకు తగదయ్యా, తరవాత సూద్దాం," అనేవాడట. ఆ తర్వాత అనేది రానే లేదు.

నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా పండ్లు తీసుకుని ఆయనను చూడడానికి వెళ్ళేదాన్ని. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, నా ఉద్యోగం నీ చలవే మామా అనేదాన్ని. మనస్ఫూర్తిగానే అనేదాన్ని. ఆపైన ఆ అర్జీ రాసినవాళ్ళను తిట్టేదాన్ని. కడుపులోంచి వచ్చేది ఆ తిట్టు. ఆ రాసిన చెయ్యి పడిపోను, ఆ చేత్తో అన్నం తినే యోగం లేకపోను అనేదాన్ని. "చాల్లేమ్మా," అనేవాడు ఆయన. వొదిన కాఫీ తెచ్చి ఇచ్చేది. పాలు ఎక్కువ, చక్కెర తక్కువ, నాకు ఎలా ఇష్టమో ఆమెకు తెలుసు.

మామ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. చివరి నెలల్లో ఆయన కఫం పరీక్ష నేనే మా ల్యాబులో చేశాను. పాతిపెట్టిన మూడో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం. వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయారు. పెరట్లో తొట్టి దగ్గర వొదిన గిన్నెలు తోముతోంది, నేను కడిగి బోర్లిస్తున్నాను. మామ గురించి మాట్లాడుతూ, నాకోసం ఆ ఒక్క అబద్ధం చెప్పి తనను తాను శిక్షించుకున్నాడు అన్నాను. దానికంతటికీ కారణం ఆ పెద్దింటివాళ్ళు అని మళ్ళీ మొదలుపెట్టాను.

"పెద్దింటోళ్ళు గాదు," అంది వొదిన. "ఆ కాయితం రాసింది నేను."

తప్పుగా విన్నాననుకుని ఆమె వంక చూశాను. ఆమె తోముతూనే ఉంది.

"నా లెక్కల నోటులోంచి చించి రాసినా. ఎడమ చేత్తో రాస్తే తెలీదనుకున్నా. ఆ ఆపీసరు దాన్ని మా నాయన చేతికే ఇచ్చె. కాయితమూ అచ్చరాలూ సూడంగానే కనుక్కున్నాడు. నేను వాకిట్లో నిలబడి సూస్తానే ఉండా."

"ఎందుకు వొదినా? ఆ సీటు నీకు రాదు గదా. లిస్టులో నా తరవాత పిల్లకు పోతాది."

"తెలుసు. నీకు గూడా ఉండగూడదు అనుకున్నా. అంతే."

గిన్నె కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంటికొచ్చి నన్ను తిట్లేదు, కొట్లేదు. నువ్వు రాసింది నిజం, నేను చెప్పింది అబద్దం, ఇంక దీన్ని గురించి ఈ ఇంట్లో మాట్లాడొద్దు అన్నాడు. నీకోసం చెప్పిన అబద్దమని నువ్వు అనుకుంటా ఉండావు. నా పేరు బయటపడి ఈది వాళ్ళు నన్ను పీక్కు తినకుండా ఉండేదానికి చెప్పినాడు. నువ్వొచ్చి ఆ చెయ్యి పడిపోవాల అంటావు. ఆ చేత్తోనే నీకు కాపీ కలపతా ఉంటా."

నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది, దాచడమెందుకు. నా బతుకును బుగ్గి చేయబోయింది ఈ మనిషే. ఇన్నేళ్ళు నేను ఈ ఇంట్లోనే కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టింది కూడా ఈ మనిషినే. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను.

"ఒకటి అడగతా చెప్పు," అంది. "నేను రాసిన దాంట్లో అబద్దం ఏమన్నా ఉండిందా?"

"లేదు వొదినా."

"మార్కులు ఎవురికి ఎక్కువ?"

"నీకే."

ఆమె తొట్టి పక్కనే చతికిలబడింది. అప్పటిదాకా ఏడవలేదు, ఇప్పుడు ఏడ్చింది.

"మార్కులు నాకే ఎక్కువని, మా నాయన ఉండంగా ఈ మాట ఒక్క తూరి వచ్చి చెప్పి ఉండగూడదా?" అంది.

పదేళ్ళకు పైగా ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ మాట చెప్పాలని నాకు ఒక్కసారీ తోచలేదు.